ఇంకో టీమ్ వాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడొచ్చా? జడేజా నుంచి రషీద్ దాకా ట్యాంపరింగ్ కథ

తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు ఎపిసోడ్‌కి కారణం ఒక ఫోన్ కాల్.

పోయిన నెల మనకు తెలిసిన పిల్లోడు ఒకడు ఫోన్ చేసినాడు. పేరు వద్దు, ఊరు వద్దు, చిత్తూరు పక్కన అనుకోండి. 19 ఏళ్లు, లెఫ్టార్మ్ స్పిన్నర్. ఒక లోకల్ లీగ్‌లో ఒక టీమ్‌కి ఈ సీజన్ ఆడతానని కాగితం మీద సంతకం పెట్టినాడు. సీజన్ ఇంకా నడుస్తా ఉంది. వాడు ఏమన్నాడంటే, "అన్నా, ఇంకో టీమ్ ఓనర్ తరఫున ఒకాయన ఫోన్ చేసినాడు. వచ్చే ఏడు మా దగ్గరికి వచ్చేయ్, డబ్బులు డబుల్ ఇస్తాం, వీళ్లు రెన్యువల్ అంటే మాత్రం సంతకం పెట్టొద్దు అంటున్నాడు. నేను మాట్లాడొచ్చా అన్నా? మాట్లాడితే తప్పా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "ఇప్పటికి ఏమీ ఒప్పుకోవద్దురా, మెసేజ్ కూడా పెట్టొద్దు, రేపు మాట్లాడదాం" అని పెట్టేసినా. ఎందుకంటే వాడు చెప్తా ఉంటే నాకు 2010 గుర్తొచ్చింది. ఇంచుమించు ఇదే పరిస్థితిలో 21 ఏళ్ల కుర్రాడొకడు ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. వాడి పేరు రవీంద్ర జడేజా.

దీన్ని ఇంగ్లీషులో ట్యాంపరింగ్ అంటారు. ట్యాంపరింగ్ అనగానే మనోళ్లకు శాండ్‌పేపర్, బంతి గీకడం గుర్తొస్తాయి. అది బాల్ ట్యాంపరింగ్. ఇది వేరే. ఇది మనిషిని గీకడం అనుకోండి.

మామిడి తోట లెక్క

మన చిత్తూరోళ్లకి ఇది చెప్పడం చాలా సులభం. తోతాపురి తోట ఉంది. పూత మీద ఉండగానే ఒక వ్యాపారి వచ్చి తోట చూసి, రేటు మాట్లాడి, బయానా ఇచ్చిపోతాడు. కాయ కోసేది జూన్‌లోనో జులైలోనో. ఈ మధ్యలో ఇంకొకాయన బండేసుకుని వచ్చి, "ఏమయ్యా, ఆయన ఎంతిచ్చినాడు? నేను ఇంకో యాభై వేలు ఎక్కువిస్తా, కాయ నాకు తోలు" అంటాడు.

ఇప్పుడు ఇక్కడ తప్పు ఎవరిది? మొదటి వ్యాపారిది కాదు, ఆయన డబ్బు పెట్టినాడు. రైతు ఆశపడినాడు, నిజమే. కానీ బయానా పడిన తోట అని తెలిసి కూడా లోపలికి వచ్చినోడు ఉన్నాడే, అసలు కథ మొదలుపెట్టింది ఆయన. పంచాయితీ జరిగినప్పుడు మాత్రం నిలబెట్టేది రైతునే. ఎక్కువ రేటు చెప్పినోడు బండి తిప్పుకుని ఇంకో తోటకు పోతాడు.

క్రీడల్లో ట్యాంపరింగ్ అంటే ఇదే. ఒక ఆటగాడు ఒక టీమ్ కాంట్రాక్ట్‌లో ఉండగా, ఇంకో టీమ్ వాళ్లు అనుమతి లేకుండా వాడితోనో, వాడి ఏజెంట్‌తోనో బేరం మాట్లాడటం. దీన్ని తప్పు అనడానికి కారణం ఉంది. సీజన్ మధ్యలో వచ్చే ఏడాది టీమ్‌తో మాట్లాడుకున్నోడు ఈ ఏడాది టీమ్‌కి మనసు పెట్టి ఆడతాడా అనే అనుమానం వస్తుంది. రేపు అదే టీమ్ మీద మ్యాచ్ ఉంటే? వాడు నిజాయితీగా ఆడి సున్నాకి అవుటైనా జనం నమ్మరు. ఇంకోటి, డబ్బున్న టీమ్ వాళ్లు ఏడాది పొడుగునా ఫోన్లు చేస్తా ఉంటే చిన్న టీమ్ ఏ కుర్రాడినీ తయారు చేసి నిలబెట్టుకోలేదు.

కాబట్టి రూల్ ఉండటం తప్పు కాదు. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఒకటే. రూల్ తప్పినప్పుడు బిల్లు ఎవరి చేతికి పోతుంది అనేది చూడండి. ఎక్కడ ఎవరి చేతికి పోతుందో చూస్తే, ఆ లీగ్‌లో ఎవరికి బలముందో తెలిసిపోతుంది.

2010: జడేజా

జడేజా 2008లో అండర్-19 వరల్డ్ కప్ గెలిచిన మన జట్టుకి వైస్ కెప్టెన్. కెప్టెన్ కోహ్లి. అదే ఏడాది ఐపీఎల్ మొదలైంది, జడేజా రాజస్థాన్ రాయల్స్‌కి ఆడినాడు, ఆ టీమ్ మొదటి కప్పు కొట్టింది. షేన్ వార్న్ వాడికి రాక్‌స్టార్ అని పేరు పెట్టినాడు. 2009 కూడా రాజస్థాన్‌కే ఆడినాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఇండియాకి వన్డే ఆడేసినాడు.

2010 సీజన్ ముందు రెన్యువల్ కాగితం వచ్చింది. వాడు సంతకం పెట్టలేదు. వేరే ఫ్రాంచైజీతో బేరం మాట్లాడుతున్నాడని ఆరోపణ. అది ముంబై ఇండియన్స్ అని అప్పట్లో పేపర్లు రాసినాయి. విషయం ఐపీఎల్ పాలక మండలికి పోయింది. రూల్స్ తప్పినాడని తేల్చి, 2010 సీజన్ మొత్తం ఆడకూడదన్నారు. అప్పీలు చేసుకున్నా లాభం లేకపోయింది. ఆ ఏడాది వాడు ఐపీఎల్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు.

ఇప్పుడు మామిడి తోట గుర్తు తెచ్చుకోండి. బేరం అంటే ఇద్దరుండాలి కదా? ఒక చేత్తో చప్పట్లు మోగవు. మరి అవతల మాట్లాడినోళ్ల సంగతి ఏమైంది? ఏ ఫ్రాంచైజీకి జరిమానా పడలేదు, ఏ టీమ్ అధికారినీ పక్కన పెట్టలేదు. సీజన్ పోగొట్టుకున్నది 21 ఏళ్ల పిల్లోడు ఒక్కడే. వాళ్ల నాన్న జామ్‌నగర్‌లో వాచ్‌మన్ పని చేసిన మనిషి, ఆ ఇంటికి ఒక ఐపీఎల్ సీజన్ డబ్బంటే ఏందో నేను చెప్పక్కర్లేదు.

జడేజా తప్పు చేయలేదని నేను అనడంలేదు. రూల్ ఉంది, కాగితం ఉంది. తప్పుకి శిక్ష పడొచ్చు. కానీ తప్పులో ఇద్దరికి వాటా ఉండి, శిక్షలో ఒకడికే వాటా ఉంటే, దాన్ని ఏమనాలి?

తర్వాత ఏం జరిగిందో చూడండి. 2011 వేలంలో కొచ్చి టస్కర్స్ వాడిని 9 లక్షల 50 వేల డాలర్లకు కొన్నారు. 2012 వేలంలో మన హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్, చెన్నై సూపర్ కింగ్స్ ఇద్దరూ 20 లక్షల డాలర్ల దాకా పోయినారు. అంతకు మించి ఖర్చు పెట్టడానికి లేదు, పర్సులో గరిష్ఠం అదే. ఇద్దరూ సమానంగా నిలబడితే టై బ్రేకర్ అని, రహస్యంగా కాగితం మీద ఒక అంకె రాసివ్వాలి. చెన్నై ఎక్కువ రాసింది, మన డెక్కన్ వాళ్లకి చేతి దాకా వచ్చి జారిపోయినాడు. అంటే రెండేళ్ల ముందు అదే పిల్లోడు "నా రేటు ఇంతకంటే ఎక్కువ" అనుకోవడంలో తప్పేమీ లేదని బజారే చెప్పింది.

అప్పుడు బేరానికి దారే లేదు

ఇక్కడొక సంగతి అర్థం చేసుకోవాలి. ఆ రోజుల్లో ఇండియాకి ఆడని దేశవాళీ కుర్రాళ్లు వేలంలోకి పోవడానికే లేదు. 2011లో అయితే వాళ్లకి స్లాబులు పెట్టినారు. ఎన్నేళ్లు దేశవాళీ ఆడినావు అనే దాన్నిబట్టి 10 లక్షలు, 20 లక్షలు, 30 లక్షలు. అంతే. నువ్వు సెంచరీ కొట్టినా అంతే, డకౌట్ అయినా అంతే.

సెంచరీ అన్నది ఊరికే అనలేదు. ఐపీఎల్‌లో సెంచరీ కొట్టిన మొదటి ఇండియన్ మనీష్ పాండే. 2009లో, సౌతాఫ్రికా సెంచూరియన్‌లో, బెంగళూరు తరఫున, అదీ మన డెక్కన్ చార్జర్స్ మీదే, 114 నాటౌట్. అలాంటోడు 2011లో వేలంలోకి పోలేడు, ఎందుకంటే ఇండియా క్యాప్ లేదు. ఒక పక్క విదేశీ ఆటగాళ్లకి కోట్లు, ఇంకో పక్క వీడికి లక్షల్లో స్లాబు. ఆ ఏడాది పుణె వారియర్స్‌కి చేరినాడు. అయితే ఆటగాళ్ల కాంట్రాక్టుల రూల్స్ తప్పినాడని నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది.

నీళ్లకి కాలవ తవ్వకుండా, గట్టు తెగిందే అని ఏడిస్తే ఎట్లా? ముందు తలుపు మూసిపెట్టి, దొడ్డిదారిన వచ్చినాడని పిల్లోడిని కొట్టినట్టు ఉంది కదా. బోర్డుకి కూడా తర్వాత తెలిసింది. 2014 నుంచి క్యాప్ లేని ఆటగాళ్లని కూడా వేలంలోకి తీసుకున్నారు. ఆ తర్వాత ఈ రకం గొడవలు బాగా తగ్గిపోయినాయి. శిక్షలు పెరిగి తగ్గలేదు, దారి తెరిస్తే తగ్గినాయి.

2021: మన రషీద్ పోయిన కథ

ఇప్పుడు మన ఇంటి కథకు వద్దాం. సన్‌రైజర్స్ అభిమానులకి ఇది ఇంకా మానని పుండు, నాక్కూడా.

రషీద్ ఖాన్‌ని 2017లో హైదరాబాద్ 4 కోట్లకు కొన్నది. 2018లో 9 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఐదు సీజన్లు, ఎంత తక్కువ స్కోరైనా కాపాడతాడనే నమ్మకం. 2021 అక్టోబర్ 25న రెండు కొత్త టీమ్‌లు అమ్ముడయినాయి. లక్నో 7,090 కోట్లకు, అహ్మదాబాద్ 5,625 కోట్లకు. పాత టీమ్‌లు ఎవరిని అట్టిపెట్టుకుంటాయో నవంబర్ 30 లోపల చెప్పాలి. మిగిలినోళ్లలోంచి కొత్త టీమ్‌లు వేలానికి ముందే ముగ్గురిని తీసుకోవచ్చు.

ఇక్కడ చిక్కు చూడండి. నవంబర్ 30 దాకా రషీద్‌తో మాట్లాడే హక్కు హైదరాబాద్‌ది. కొత్త టీమ్ వాళ్లు మాట్లాడాల్సింది ఆ తర్వాతే. కానీ కొత్త టీమ్ చేతిలో పర్సు నిండా డబ్బుంది, ఖాళీ జాగా ఉంది. నవంబర్‌లోనే ఎవరైనా చెవిలో "నువ్వు బయటికి రా, మేము చూసుకుంటాం" అంటే? అప్పుడు పాత టీమ్‌తో కూర్చున్న ఆటగాడు కూర్చున్నట్టే ఉంటాడు, మనసు మాత్రం ముందే లేచిపోయి ఉంటుంది. పాత టీమ్ వాళ్లు ఎంత చెప్పినా అది బేరం కాదు, నాటకం.

ఆ నవంబర్ ఆఖర్లో వార్తలు వచ్చినాయి. లక్నో వాళ్లు రషీద్‌ని, పంజాబ్ నుంచి కేఎల్ రాహుల్‌ని ముందుగానే కదిలిస్తున్నారని హైదరాబాద్, పంజాబ్ టీమ్‌లు బోర్డుకి నోటిమాటగా ఫిర్యాదు చేసినాయని. చూస్తున్నాం, నిజమని తేలితే చర్య తీసుకుంటాం అన్నట్టు బోర్డు వైపు నుంచి మాట వచ్చిందని కూడా రాసినారు. అంతే. ఆ తర్వాత ఎవరి మీదా శిక్ష ప్రకటించలేదు. ఆరోపణ ఆరోపణగానే మిగిలిపోయింది. కాబట్టి ఫలానా టీమ్ తప్పు చేసిందని నేను చెప్పను, మీరూ అనొద్దు.

హైదరాబాద్ చివరికి కేన్ విలియమ్సన్‌ని 14 కోట్లకు, అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మాలిక్‌లను చెరో 4 కోట్లకు అట్టిపెట్టుకుంది. రషీద్ బయటికొచ్చినాడు. అన్ని వార్తల్లో లక్నో పేరు వినపడితే, వాడు చేరింది మాత్రం అహ్మదాబాద్‌కి, అదే గుజరాత్ టైటాన్స్, 15 కోట్లకు. రాహుల్ లక్నోకి 17 కోట్లకు. 2022లో గుజరాత్ కప్పు కొట్టింది, మనం ఎనిమిదో స్థానం. ఆ ఏడాది ఏప్రిల్ 27న వాంఖడేలో మన మీద ఆఖరి ఓవర్లో 22 పరుగులు కావాల్సి ఉంటే, అదే రషీద్ మూడు సిక్సులు కొట్టి గెలిపించినాడు. చూస్తా ఉండి నేను టీవీ ఆపేసినా.

ఈ కథ ఎందుకు చెప్పినానంటే, ఫిర్యాదు నోటిమాటగా ఉంటే విచారణ కూడా నోటిమాటగానే ఉంటుంది. రాతపూర్వకంగా ఫిర్యాదు, ఎవరు విచారించినారు, ఏం తేలింది అని బయటికి చెప్పే పద్ధతి లేకపోతే, అభిమాని మనసులో అనుమానం మిగులుతుంది, ఆటగాడి మీద మచ్చ మిగులుతుంది. రషీద్‌ని ఇవాళ్టికీ "డబ్బు కోసం పోయినాడు" అనేవాళ్లున్నారు. నిజం ఏందో తేల్చి చెప్పుంటే ఆయనకూ మంచిదే.

అమెరికాలో ఎట్లా చేస్తారు

సరే, విచారణ పద్ధతిగా చేసే చోటు ఒకటి చూద్దాం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, ఎన్‌బీఏ. బాస్కెట్‌బాల్ తెలియకపోయినా పర్వాలేదు, కథ మనదే.

అక్కడ వేలం లేదు. కాంట్రాక్ట్ అయిపోయినోడిని ఫ్రీ ఏజెంట్ అంటారు, నచ్చిన టీమ్‌తో మాట్లాడుకోవచ్చు. బేరాల తలుపు జూన్ 30 సాయంత్రం ఆరు గంటలకు తెరుస్తారు, మనకప్పుడు జులై ఒకటి తెల్లవారుజామున మూడున్నర. మన తోతాపురి కోతలు, వాళ్ల ఆటగాళ్ల కోతలు ఒకే సీజన్. తమాషా ఏందంటే, ఆరు గంటలకు తలుపు తెరిస్తే ఆరూ ఒక్క నిమిషానికి నాలుగేళ్ల కాంట్రాక్ట్, వంద మిలియన్ డాలర్లు అని వార్త వచ్చేస్తుంది. ఒక్క నిమిషంలో అంత బేరం ఎవరన్నా తెంచుతారా? మన గాంధీరోడ్డులో చొక్కా కొనాలన్నా పావుగంట పడుతుంది. అంటే ముందే మాట్లాడుకున్నారని చిన్నపిల్లోడికి కూడా తెలుసు.

2017లో లాస్ ఏంజలస్ లేకర్స్ మీద విచారణ జరిగింది. పాల్ జార్జ్ అనే ఆటగాడు ఇండియానా టీమ్ కాంట్రాక్ట్‌లో ఉండగా, లేకర్స్ పెద్ద మ్యాజిక్ జాన్సన్ ఒక టీవీ షోలో వాడి గురించి కన్నుకొట్టి జోకులేసినాడు. లీగ్ హెచ్చరించింది. తర్వాత లేకర్స్ జనరల్ మేనేజర్ ఆ ఆటగాడి ఏజెంట్‌తో మాట్లాడినట్టు తేలింది. 5 లక్షల డాలర్ల జరిమానా, అప్పటి లెక్కలో మూడు కోట్ల పైచిలుకు. తమాషాగా ఆ ఆటగాడు లేకర్స్‌కి రానే లేదు, ఓక్లహోమాకి పోయినాడు.

2019 సెప్టెంబర్‌లో రూల్స్ బిగించినారు. టీమ్‌కి జరిమానా గరిష్ఠంగా కోటి డాలర్లు, అంటే 70 కోట్ల పైచిలుకు. టీమ్ అధికారులు ఏజెంట్లతో చేసిన మెసేజ్‌లు, మెయిళ్లు ఏడాది పాటు దాచిపెట్టాలి. ప్రతి ఏడాది ఐదు టీమ్‌లను చీటీ తీసినట్టు ఎంచి ఆ మెసేజ్‌లు తనిఖీ చేస్తారు. మేము రూల్ తప్పలేదు అని ఏటా పై అధికారులు సంతకం చేసివ్వాలి. అంటే తర్వాత దొరికితే అబద్ధం సంతకం కూడా మీదపడుతుంది.

ఇంకో ఆయుధం డ్రాఫ్ట్ పిక్ తీసేయడం. అక్కడ కొత్త కుర్రాళ్లను ఏటా వరసగా ఎంచుకుంటారు, మొదటి రౌండ్, రెండో రౌండ్ అని. 2020లో మిల్వాకీ టీమ్ బొగ్డానోవిచ్ అనే ఆటగాడితో గడువుకి ముందే మాట్లాడిందని తేల్చి 2022 రెండో రౌండ్ పిక్ తీసేసినారు. 2021లో లోంజో బాల్ విషయంలో చికాగోకి, కైల్ లౌరీ విషయంలో మయామికి ఒక్కో రెండో రౌండ్ పిక్ పోయింది. 2022లో ఫిలడెల్ఫియాకి రెండు పిక్‌లు, న్యూయార్క్‌కి ఒకటి.

ఆ న్యూయార్క్ కథ వినాలి. జేలెన్ బ్రన్సన్ డాలస్‌కి ఆడతా ఉన్నాడు. వాళ్ల నాన్నని న్యూయార్క్ వాళ్లు అసిస్టెంట్ కోచ్‌గా పెట్టుకున్నారు. బ్రన్సన్ ఏజెంట్ ఎవరయ్యా అంటే న్యూయార్క్ టీమ్ ప్రెసిడెంట్ కొడుకు. ఇంక వేరే ఫోన్ చేయాల్సిన పనేముంది, పెళ్లిచూపులు ఇంట్లోనే అయిపోయినాయి. 4 ఏళ్లకి 104 మిలియన్ డాలర్లు. లీగ్ విచారించి, గడువుకి ముందే మాట్లాడినారని తేల్చి, 2025 రెండో రౌండ్ పిక్ ఒకటి తీసేసింది. ఆ బ్రన్సన్ వాళ్ల కెప్టెన్ అయినాడు, 2025లో టీమ్‌ని కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా తీసుకుపోయినాడు. ఆ రేటుకి అలాంటి శిక్ష రోజుకొకటి వేసినా ఏ టీమైనా కట్టేస్తుంది. టోల్‌గేట్ ఫీజు లెక్క. కట్టి ముందుకి పోవడమే.

ఎవరు బలమైనోళ్లు

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. ఇక్కడ జడేజాకి ఒక సీజన్ మొత్తం పోయింది, టీమ్‌లకి ఏమీ పోలేదు. అక్కడ టీమ్‌కి ఒక చిన్న పిక్ పోయింది, ఆటగాడికి ఏమీ పోలేదు, కాంట్రాక్ట్ అలాగే నిలబడింది.

ఎందుకు ఇంత తేడా? అమెరికా వాళ్లు మనకంటే మంచోళ్లని కాదు. అక్కడ ఆటగాళ్లకి యూనియన్ ఉంది, 1954 నుంచి ఉంది. జీతాలు, గడువులు, శిక్షలు, అన్నీ లీగ్ ఓనర్లు ఆ యూనియన్‌తో కూర్చుని రాసుకోవాలి. ఆటగాడి పొట్ట కొట్టే రూల్ పెట్టాలంటే ఎదురుగా కూర్చుని అడిగేవాడు ఒకడున్నాడు. ఇక్కడ 2019లో ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ అని వచ్చింది, కానీ అది రిటైరైనోళ్ల సంఘం. ఇప్పుడు ఆడేవాళ్ల తరఫున కూర్చునేవాళ్లు లేరు. బలం లేని చోటికే బిల్లు పోతుంది, నీళ్లు పల్లానికి పోయినట్టు.

అయితే వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది శిక్ష కాదు. 2024 నుంచి ఎన్‌బీఏలో ఫైనల్ అయిపోయిన మరుసటి రోజు నుంచే సొంత టీమ్ తన ఆటగాడితో కొత్త బేరం మాట్లాడుకోవచ్చు, జూన్ 30 దాకా ఆగక్కర్లేదు. ఫుట్‌బాల్‌లో ఫిఫా రూల్ ఇంకా తేట. కాంట్రాక్ట్ ఆఖరి ఆరు నెలల్లోకి వస్తే ఆటగాడు వేరే క్లబ్‌తో ఒప్పందం చేసుకోవచ్చు, మాట్లాడబోయే క్లబ్ ముందుగా పాత క్లబ్‌కి రాసి తెలియజేయాలి. మాట్లాడటం నేరం కాదు, చాటుగా మాట్లాడటం నేరం. మన ఐపీఎల్‌లో ట్రేడ్ పద్ధతి కూడా అలాంటిదే. బోర్డు ద్వారా, ఆటగాడి ఒప్పుదలతో, అందరికీ తెలిసేలా. 2025 నవంబర్‌లో అదే దారిలో సంజు శాంసన్ చెన్నైకి పోయినాడు, ఇటు రాజస్థాన్‌కి ఎవరు వచ్చినారో తెలుసు కదా? రవీంద్ర జడేజా. 2010లో ఏ టీమ్ కాగితం మీద సంతకం పెట్టలేదని ఇంట్లో కూర్చోబెట్టినారో, అదే టీమ్‌కి. టీమ్ మారడం తప్పు కాదు, దారి ఉంటే చాలు.

మరి మన పిల్లోడికి ఏం చెప్పినా

మరుసటి రోజు వాడు ఫోన్ చేసినాడు. నాలుగు మాటలు చెప్పినా. క్రికెటో, కబడ్డీయో, వాలీబాలో, చిన్న లీగ్‌లు ఆడే పిల్లలందరికీ ఇవే.

ఒకటి, సంతకం పెట్టిన కాగితం తీసి చదువు. ఎప్పటితో అయిపోతుంది, రెన్యువల్ హక్కు ఎవరిది, మధ్యలో వేరే వాళ్లతో మాట్లాడకూడదని ఉందా. వాడి దగ్గర కాపీ కూడా లేదు! టీమ్ వాళ్ల దగ్గరే ఉంది. ఇది చాలామంది పిల్లల సంగతి. సంతకం పెట్టిన రోజే కాపీ అడగండి, కనీసం ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

రెండు, ఫోన్ వచ్చినంత మాత్రాన నువ్వు తప్పు చేసినట్టు కాదు. ఒప్పుకోవడం, అడ్వాన్సు తీసుకోవడం, సరే అని మెసేజ్ పెట్టడం, అక్కడ తప్పు మొదలవుతుంది. "నా కాంట్రాక్ట్ అయిపోయినాక మాట్లాడండి, లేదంటే మా టీమ్‌ని అడిగి రండి" అని ఒక్క మాట చెప్పు. అది వాట్సాప్‌లో రాతగా చెప్పు. రేపు విచారణ అంటూ వస్తే నీ పక్కన నిలబడే సాక్షి అదే.

మూడు, "సంతకం పెట్టొద్దు" అని ఎవరన్నా చెప్తే, "మీరు రాసివ్వండి" అని అడుగు. రాసివ్వడు. రాసివ్వని మనిషి మాట మీద ఉన్న కాగితం వదులుకోవద్దు. ఆయన మనసు మార్చుకుంటే నీకు ఇదీ లేదు, అదీ లేదు.

నాలుగు, నీ రేటు తక్కువ అనిపిస్తే నీ టీమ్‌నే అడుగు. అడగడం నీ హక్కు. "నాకు వచ్చే ఏడు ఇంత కావాలి" అని ఎదురుగా కూర్చుని అడిగినోడిని ఎవరూ బ్యాన్ చేయలేరు.

వాడు కాగితం కాపీ తెచ్చుకున్నాడు. చూస్తే సీజన్ ఆఖరి మ్యాచ్‌తో కాంట్రాక్ట్ అయిపోతుంది, రెన్యువల్ బలవంతం ఏమీ లేదు. అంటే ఇంకో ఐదు వారాలు ఓపిక పడితే దర్జాగా ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. ఆ ఐదు వారాల తొందర కోసమే వాడిని లాగాలని చూసినారు. ఫోన్ చేసినాయనకి అదే చెప్పినాడంట, "సీజన్ అయిపోయినాక రండి సార్" అని. ఆయన సరే అని పెట్టేసినాడంట.

టీమ్ ఓనర్లు ఎవరన్నా ఇది చూస్తా ఉంటే మీకూ ఒక మాట. బయానా పడిన తోటలోకి పోవద్దండి. పోవాలనుంటే ముందు బయానా ఇచ్చినాయనకి చెప్పి పోండి. మీకు ఒక సీజన్ పోతే ఇంకో సీజన్ ఉంటుంది. 19 ఏళ్ల పిల్లోడికి ఒక సీజన్ అంటే చిన్న లెక్క కాదు.

ఈ వారానికి ఇంతే. ఆడే పిల్లలున్న ఇంటికి ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ వచ్చే వారం కలుద్దాం. ఉంటా, నమస్తే.